'గెట్' అంటే 'పొందు' ఒక్కటే కాదు: ఈ మాట ఎక్కడ ఏ అర్థమిస్తుందో ఎలా పట్టుకోవాలి

"గెట్ అంటే పొందు అని బడిలో నేర్పారు. మరి 'గెట్ టైర్డ్', 'గెట్ హోమ్', 'గెట్ కాట్', 'ఐ గెట్ ఇట్' లాంటి వాటిలో పొందేదేముంది? డిక్షనరీలో ఉన్న అర్థాలన్నీ బట్టీ పట్టాల్సిందేనా?" అన్నది మీ ప్రశ్న.

బట్టీ అక్కర్లేదు. ముందు 'పొందు' అనే అర్థాన్ని పక్కన పెట్టండి. అది పరీక్ష పేపర్లో రాసే మాట, ఇంట్లో ఎవరూ వాడరు. 'నేను ఉత్తరం పొందాను' అని మనం అనం, 'నాకు ఉత్తరం వచ్చింది' అంటాం. 'గెట్' కూడా ఇంగ్లిష్‌లో అలాంటి ఇంటి మాటే. దాన్ని మన పుస్తకాల మాటతో కట్టేయడం వల్లే ఇంత గందరగోళం. మనం రోజూ మాట్లాడే 'వచ్చింది', 'అయింది', 'పోయాను', 'చేయించుకున్నాను' అనేవాటితో కలిపి చూస్తే 'గెట్' సగం దారిలోనే మనకు ఎదురొస్తుంది.

రెండో సంగతి. 'గెట్'కు సొంతంగా ఉన్న అర్థం చాలా తక్కువ. ఒక స్థితిలోకి రావడం, లేదా ఒకదాన్ని మన దగ్గరికి రప్పించుకోవడం, అంతే. మిగతా అర్థమంతా దాని వెనక వచ్చే మాట ఇస్తుంది. కాబట్టి 'గెట్' కనిపించగానే దాన్ని చూడకండి, దాని తర్వాతి మాటను చూడండి. అక్కడ నామవాచకం ఉందా, విశేషణం ఉందా, చోటు పేరు ఉందా, వీ త్రీ అని మనం బడిలో పిలుచుకున్న పాస్ట్ పార్టిసిపుల్ ఉందా, 'టు' ఉందా, లేక అప్, ఆఫ్, ఓవర్ లాంటి చిన్న మాట ఉందా? ఇదొక్కటి గమనిస్తే అర్థం దాదాపు ఎప్పుడూ తేలిపోతుంది.

వెనక నామవాచకం ఉంటే మన 'నాకు ఫలానాది వచ్చింది' అనే వాక్యం సరిపోతుంది. నాకు ఉద్యోగం వచ్చింది, 'ఐ గాట్ ఎ జాబ్'. నాకు తొంభై మార్కులు వచ్చాయి, 'ఐ గాట్ నైంటీ మార్క్స్'. 'దొరికింది', 'అందింది' కూడా ఇందులోనే పడతాయి: బస్సులో సీటు దొరికింది, 'ఐ గాట్ ఎ సీట్'. కాలేజీలో సీటు మాత్రం వేరు. 'ఐ గాట్ ఎ సీట్ ఇన్ ఎన్ఐటీ వరంగల్' అంటే మన దేశంలో అందరికీ అర్థమవుతుంది కానీ, బయటి దేశాల వాళ్లకు అక్కడేదో కుర్చీ దొరికినట్టు వినిపించవచ్చు. వాళ్లు 'ఐ గాట్ ఇంటు ఎన్ఐటీ వరంగల్' అంటారు. కాలేజీలో చేరే అర్హత దక్కిందంటే 'గెట్ ఇంటు'.

ఇదే వరసలో 'తెచ్చిపెట్టు', 'కొనుక్కురా' అనే అర్థాలు కూడా ఉన్నాయి. 'కెన్ యు గెట్ మీ సమ్ వాటర్?' అంటే కాసిని నీళ్లు తెచ్చిపెడతావా అని. 'గెట్ సమ్ మిల్క్ ఆన్ యువర్ వే హోమ్' అంటే వచ్చేటప్పుడు పాలు పట్టుకురా అని. ఇక్కడ 'బ్రింగ్'కూ 'గెట్'కూ తేడా ఉంది. మీ దగ్గర ఇప్పటికే ఉన్నదాన్ని వెంట తెస్తే 'బ్రింగ్'. ఇక్కడి నుంచి కదిలి వెళ్లి, దాన్ని సంపాదించి తేవాలంటే 'గెట్'. వంటింట్లోకి వెళ్లి గ్లాసు తెమ్మనడానికి 'గెట్', రేపు ఆఫీసుకు ఐడీ కార్డు తెచ్చుకోమనడానికి 'బ్రింగ్'.

'వచ్చింది' అన్నచోటల్లా 'గాట్' పెట్టొద్దు, కొన్ని చోట్ల ఈ సూత్రం పనిచేయదు. నాకు కల వచ్చింది అంటే 'ఐ హ్యాడ్ ఎ డ్రీమ్'. నాకు నవ్వొచ్చింది అంటే 'ఇట్ మేడ్ మీ లాఫ్'. నాకు తెలుగు వచ్చు అంటే 'ఐ స్పీక్ తెలుగు'. క్లాసులోనూ మీటింగులోనూ మనవాళ్లు తరచుగా అనే 'ఐ గాట్ ఎ డౌట్' ఇంకా జాగ్రత్తగా చూడాల్సిన మాట. మనకు డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. వాళ్లకు డౌట్ అంటే అపనమ్మకం. మీ పై అధికారి ప్లాన్ వివరించాక 'ఐ గాట్ ఎ డౌట్' అంటే, ఆ ప్లాన్ మీద మీకు నమ్మకం లేదని అనుకుంటారు. 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్' అనండి. ఇక జ్వరం: 'ఐ గాట్ ఫీవర్' అని వదిలేయకుండా 'ఐ హ్యావ్ ఎ ఫీవర్' అనండి, మధ్యలో 'ఎ' ఉండాలి. డెంగీ, మలేరియా లాంటి జబ్బు పేర్లకు మాత్రం 'ఎ' అక్కర్లేదు, 'హి గాట్ మలేరియా' సరైనదే. జలుబుకు 'ఎ' కావాలి, 'ఐ గాట్ ఎ కోల్డ్'.

వెనక విశేషణం ఉంటే 'గెట్' మన 'అవు'తో, 'పడు'తో సమానం. ఆలస్యమవుతోంది, 'ఇట్స్ గెటింగ్ లేట్'. చీకటి పడుతోంది, 'ఇట్స్ గెటింగ్ డార్క్'. తయారయ్యాడు, 'హి గాట్ రెడీ'. అలవాటు పడ్డాను, 'ఐ గాట్ యూస్డ్ టు ఇట్'. ఇక్కడ 'గెట్'నూ 'బి'నీ కలిపేయకూడదు. 'ఐ యామ్ టైర్డ్' అంటే ఇప్పుడు అలిసిపోయి ఉన్నాను. 'ఐ యామ్ గెటింగ్ టైర్డ్' అంటే అలసట మొదలైంది. 'గెట్' మార్పును చెబుతుంది, 'బి' ఆ మార్పు తర్వాతి స్థితిని చెబుతుంది. 'ఐ గాట్ మ్యారీడ్ ఇన్ 2015' అంటే ఆ ఏడు పెళ్లి అయింది. 'ఐ వాజ్ మ్యారీడ్ ఇన్ 2015' అంటే అప్పుడు పెళ్లి జరిగిందనీ కావచ్చు, అప్పటికే పెళ్లయి ఉన్నాననీ కావచ్చు.

తెలుగు నుంచి వచ్చేవాళ్లు ఇక్కడ చేసే తప్పులు మూడు. మొదటిది: కోపం మనకు నామవాచకం, వాళ్లకు ఈ చోట విశేషణం. అందుకే 'ఐ గాట్ యాంగర్' తప్పు, 'ఐ గాట్ యాంగ్రీ' ఒప్పు. 'నా మీద కోపం వచ్చింది' అన్నదాన్ని పట్టుకుని 'హి గాట్ యాంగ్రీ ఆన్ మీ' అంటారు. 'మీద' ఇక్కడ 'ఆన్' కాదు, 'విత్' లేదా 'ఎట్'. రెండోది: 'గాట్ మ్యారీడ్ విత్' తప్పు, 'టు' రావాలి. మూడోదే అన్నిటికన్నా పెద్ద తప్పు. 'మా అమ్మాయి డాక్టర్ అయింది' అనడానికి 'మై డాటర్ గాట్ ఎ డాక్టర్' అంటే, ఆమె ఒక డాక్టర్ని సంపాదించుకుందని అర్థం. వెనక నామవాచకం ఉంటే 'గెట్' ఎప్పుడూ 'అవు' కాదు. వృత్తికీ పదవికీ 'బికమ్' రావాలి: 'మై డాటర్ బికేమ్ ఎ డాక్టర్'. 'అవు' అన్నచోట వెనక విశేషణం ఉంటే 'గెట్', నామవాచకం ఉంటే 'బికమ్'.

చెడు వైపు పోయే, మళ్లీ వెనక్కి రాని కొన్ని మార్పులకు 'గెట్' బదులు 'గో' వాడతారు. బట్టతల రావడం 'గో బాల్డ్', చూపు పోవడం 'గో బ్లైండ్', కూర పాడవడం 'గో బ్యాడ్'. మనం కూడా 'పాడైపోయింది', 'చూపు పోయింది' అని 'పోవు' పెడతాం కాబట్టి వీటిని గుర్తుంచుకోవడం కష్టం కాదు.

వెనక చోటు పేరు ఉంటే 'చేరు'. 'ఐ గాట్ టు ద ఆఫీస్ ఎట్ నైన్', తొమ్మిదికి ఆఫీసుకు చేరాను. ఇల్లు, ఇక్కడ, అక్కడ అనే మూడింటికి 'టు' రాదు: 'గెట్ హోమ్', 'గెట్ హియర్', 'గెట్ దేర్'. మనవాళ్లు 'రీచ్' మీద మోజుతో 'ఐ రీచ్డ్ టు ఆఫీస్' అంటారు. ఒక చోటికి చేరడం అనే అర్థంలో 'రీచ్'కు 'టు' రాదు. పైగా 'రీచ్ అయ్యా' అన్నట్టు 'ఐ రీచ్డ్' అని మెసేజ్ పెడితే, ఎక్కడికి అన్నది లేక వాక్యం మధ్యలో తెగిపోయినట్టుంటుంది. 'జస్ట్ గాట్ హోమ్', 'జస్ట్ గాట్ హియర్' అంటే చాలు. దారి అడిగేటప్పుడూ 'హౌ డు ఐ గెట్ టు ద స్టేషన్?' అన్నదే సహజమైన ప్రశ్న.

ఎక్కడం దిగడం దగ్గర మన అలవాటు ఇంకా బలంగా ఉంటుంది. 'ఐ విల్ గెట్ డౌన్ ఎట్ అమీర్‌పేట్' అన్నది భారతీయ ఇంగ్లిష్. ఇక్కడ మాట్లాడుకునేటప్పుడు దానితో ఏ ఇబ్బందీ లేదు. లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్నప్పుడు మాత్రం 'గెట్ ఆఫ్' అనాలి. వాళ్లకు 'గెట్ డౌన్' అంటే చెట్టు మీంచో నిచ్చెన మీంచో దిగడం, లేదా ప్రమాదం వచ్చినప్పుడు వంగి నేలకు కరుచుకోవడం. బస్సు, రైలు, విమానం, ఓడ అయితే 'గెట్ ఆన్', 'గెట్ ఆఫ్'. కారు, ట్యాక్సీ, ఆటో అయితే 'గెట్ ఇన్', 'గెట్ అవుట్ ఆఫ్'. దీనికో గుర్తు ఉంది. లోపలికి వెళ్లాక నిలబడి నాలుగడుగులు నడవగలిగితే 'ఆన్'. తల వంచి నేరుగా సీట్లో కూలబడాల్సి వస్తే 'ఇన్'. బైకు, గుర్రం లాంటి వాటి వీపు మీద కూర్చుంటాం కాబట్టి మళ్లీ 'ఆన్'. లిఫ్టుకు మాత్రం రెండూ వింటారు. 'నన్ను అమీర్‌పేట్‌లో దించు' అనడానికి 'గెట్ మీ డౌన్' వద్దు, 'డ్రాప్ మీ ఆఫ్ ఎట్ అమీర్‌పేట్' అనండి.

ఇక 'గెట్' తర్వాత వీ త్రీ వచ్చే వాక్యాలు. దీనికి దగ్గరి పోలిక తెలుగులో ఉన్నా, వ్యాకరణ పుస్తకాలు చెప్పవు. ఇంగ్లిష్ పాసివ్ వాయిస్ అనగానే 'కొట్టబడెను', 'పట్టబడెను' అని నేర్పుతారు. మనం అలా మాట్లాడం. 'దొరికిపోయాడు', 'ఇరుక్కుపోయాడు', 'తప్పిపోయాడు', 'తడిసిపోయాడు' అంటాం. ఆ 'పోయాడు'లో మనిషి చేతుల్లో లేకుండా ఏదో జరిగిపోయిందన్న భావం ఉంది. 'గెట్ కాట్', 'గెట్ స్టక్', 'గెట్ లాస్ట్', 'గెట్ డ్రెంచ్డ్' అన్నవాటిలో ఉన్నది సరిగ్గా అదే భావం. దెబ్బలు తిన్నాడు, తిట్లు తిన్నాడు అన్నప్పుడు మనం వాడే 'తిను' కూడా ఈ కోవలోదే: 'హి గాట్ బీటెన్', 'హి గాట్ స్కోల్డెడ్'.

అందుకే 'గెట్'తో చేసే పాసివ్ అన్ని క్రియలకూ కుదరదు. అనుకోకుండా జరిగినదానికి, నష్టానికి, కలిసొచ్చినదానికి బాగుంటుంది: 'గాట్ ఫైర్డ్' ఉద్యోగం ఊడింది, 'గాట్ రాబ్డ్' దోపిడీకి గురయ్యాడు, 'గాట్ ప్రమోటెడ్' ప్రమోషన్ వచ్చింది, 'గాట్ పెయిడ్' జీతం అందింది. తెలియడం, ప్రేమించడం లాంటి మనసులోని స్థితులకు కుదరదు. 'హి గాట్ లవ్డ్ బై ఆల్' అనరు, 'హి వాజ్ లవ్డ్ బై ఆల్' అంటారు. పుట్టుకకు కూడా 'గాట్' రాదు, 'ఐ వాజ్ బోర్న్ ఇన్ గుంటూర్' అనే అనాలి.

ప్రశ్నలోనూ కాదనడంలోనూ ఇంకో చిక్కుంది. 'బి' పాసివ్‌ను ప్రశ్నగా మార్చాలంటే 'వాజ్ హి ఇన్వైటెడ్?' అని 'వాజ్'ను ముందుకు తెస్తే చాలు. 'గెట్' అలా కదలదు, దానికి 'డు' తోడు కావాలి: 'డిడ్ హి గెట్ ఇన్వైటెడ్?'. 'డిడ్' వచ్చిందంటే భూతకాలం దానిలోనే అయిపోయింది, కాబట్టి వెనక 'గాట్' రాకూడదు. 'డిడ్ యు గాట్ మై మెయిల్?', 'ఐ డిడ్ నాట్ గాట్' అన్నవి మన ఆఫీసుల్లో రోజూ వినిపించే తప్పులు. 'డిడ్ యు గెట్', 'ఐ డిడ్ నాట్ గెట్' అన్నవే ఒప్పు.

ఇప్పుడు చేయించడం. తెలుగులో 'ఇంచు' అనే చిన్న ప్రత్యయం చేసే పనిని ఇంగ్లిష్‌లో 'గెట్', 'హ్యావ్', 'మేక్' పంచుకుంటాయి. ముందు, మనిషిని చెప్పకుండా పనిని మాత్రమే చెప్పే వాక్యం చూడండి. ఫోన్ బాగు చేయించుకున్నాను, 'ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్'. వరస ముఖ్యం: గాట్, తర్వాత వస్తువు, తర్వాత వీ త్రీ. 'ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్' అంటే వాక్యమే విరిగిపోతుంది. 'ఐ రిపేర్డ్ మై ఫోన్' అంటే స్క్రూడ్రైవర్ పట్టుకుని మీరే బాగు చేశారని అర్థం. జుట్టు విషయంలో ఈ తేడా ఎక్కువగా బయటపడుతుంది. 'ఐ కట్ మై హెయిర్' అంటే అద్దం ముందు నిలబడి మీరే కత్తిరించుకున్నారనే మొదట తోస్తుంది. మంగలి షాపులో చేయించుకుంటే 'ఐ గాట్ మై హెయిర్ కట్' లేదా 'ఐ గాట్ ఎ హెయిర్‌కట్'. కట్ అనే క్రియకు మూడు రూపాలూ ఒకటే కావడంతో ఇక్కడ వీ త్రీ కంటికి కనిపించదు. అందుకని అభ్యాసానికి రిపేర్డ్, సైన్డ్, అటెస్టెడ్, రిన్యూడ్ లాంటివి తీసుకోండి. 'గెట్ ద ఫామ్ సైన్డ్', 'గెట్ ద కాపీస్ అటెస్టెడ్', 'గెట్ ద కోడ్ రివ్యూడ్': ఆఫీసులో సగం పనులు ఈ ఒక్క అచ్చులో ఒదిగిపోతాయి.

ఇదే అచ్చులో ఇంకో రెండు అర్థాలు దాగి ఉన్నాయి. 'హి గాట్ హిజ్ ఫింగర్ కాట్ ఇన్ ద డోర్' అంటే వేలు తలుపు సందులో ఇరుకించుకున్నాడు, ఎవరి చేతా చేయించుకోలేదు. 'ఐ విల్ గెట్ ఇట్ డన్ బై ఫ్రైడే' అంటే శుక్రవారానికి పూర్తి చేస్తానని. అందులో ఇంకొకరి చేత చేయిస్తానన్న అర్థం ఉండాలని లేదు, నేనే చేయవచ్చు. క్లయింటుతో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంటే మంచిది.

చేసే మనిషిని కూడా చెప్పాలంటే మధ్యలో 'టు' వస్తుంది: 'ఐ గాట్ మై బ్రదర్ టు ఫిక్స్ ఇట్', తమ్ముడి చేత బాగు చేయించాను. 'హ్యావ్'కూ 'మేక్'కూ 'టు' లేదు: 'ఐ హ్యాడ్ మై బ్రదర్ ఫిక్స్ ఇట్', 'ఐ మేడ్ మై బ్రదర్ ఫిక్స్ ఇట్'. తెలుగులో మూడూ 'చేయించాను' అయినా ఇంగ్లిష్‌లో వాటి రుచి వేరు. 'గాట్'లో బతిమాలో నచ్చజెప్పో ఒప్పించిన శ్రమ ఉంటుంది. 'హ్యాడ్'లో పని పురమాయించడం ఉంటుంది, అవతలివాళ్లు చేయడం మామూలే అన్నట్టు. 'మేడ్'లో బలవంతం ఉంటుంది. కాబట్టి 'ఐ మేడ్ మై మేనేజర్ అప్రూవ్ ఇట్' అంటే మేనేజర్ మెడలు వంచినట్టవుతుంది. 'ఐ గాట్ మై మేనేజర్ టు అప్రూవ్ ఇట్' అంటే ఒప్పించారని.

'టు' నేరుగా 'గెట్' పక్కనే వచ్చి, వెనక క్రియ ఉంటే మళ్లీ వేరే సంగతి. 'ఐ గాట్ టు మీట్ హర్' అంటే ఆమెను కలిసే అవకాశం దక్కింది. 'ఐ హ్యావ్ గాట్ టు మీట్ హర్' అంటే ఆమెను కలిసి తీరాలి. ఒక 'హ్యావ్' తేడాతో అదృష్టం కాస్తా బాధ్యత అయిపోయింది. వేగంగా మాట్లాడేటప్పుడు ఆ 'హ్యావ్' మింగేస్తారు, 'గాట్ టు' కలిసిపోయి 'గాటా' అనో, అమెరికన్ల నోట 'గాడా' అనో వినిపిస్తుంది. అలా కలిపి పలికారంటే అది బాధ్యతే, అవకాశం కాదు. 'ఐ గాటా గో', ఇక వెళ్లాలి.

'గెట్ టు నో' అన్నదాన్ని మనవాళ్లు వార్త తెలియడానికి వాడతారు: 'ఐ గాట్ టు నో దట్ హి వాజ్ ట్రాన్స్‌ఫర్డ్'. 'ఐ కేమ్ టు నో' కూడా అలాంటిదే. సంగతి తెలిసింది అనడానికి 'ఐ ఫౌండ్ అవుట్' లేదా 'ఐ హర్డ్' చాలు. 'గెట్ టు నో' ఒక మనిషితోనో ఊరితోనో రానురాను ఏర్పడే పరిచయానికి.

అమెరికా వెళ్లినవాళ్లను తికమక పెట్టే 'గాటెన్' గురించి. గెట్, గాట్, గాట్ అని మనం నేర్చుకున్నది బ్రిటిష్ వరస. అమెరికాలో వీ త్రీ రూపం 'గాటెన్'. ఇది కొత్తగా పుట్టించిన రూపం కాదు, పాతదే. బ్రిటన్‌లో వాడుక తగ్గింది, అమెరికాలో నిలిచింది. బ్రిటన్‌లోనూ 'ఇల్ గాటెన్' అనే మాటలో, అంటే అక్రమంగా సంపాదించిన అనే అర్థంలో, ఇంకా బతికే ఉంది. అయితే అమెరికన్లు అన్నిచోట్లా 'గాటెన్' అనరు. 'ఐ హ్యావ్ గాట్ ఎ కార్' అంటే నాకు కారు ఉంది. 'ఐ హ్యావ్ గాటెన్ ఎ కార్' అంటే కారు సంపాదించాను. ఉండటానికీ, చేసి తీరాలనడానికీ అక్కడా 'గాట్' మాత్రమే. రావడానికీ అవడానికీ 'గాటెన్': 'ఇట్ హ్యాజ్ గాటెన్ కోల్డ్'. బ్రిటిష్ పద్ధతిలో రాసేవాళ్లు అన్నిటికీ 'గాట్' రాస్తే సరిపోతుంది. ఒకే వ్యాసంలో రెండూ కలపొద్దు. 'డు యు హ్యావ్ గాట్' అని రెండు పద్ధతుల్ని అతికించడం మాత్రం ఎక్కడా చెల్లదు. 'హ్యావ్ యు గాట్' అనండి, లేదా 'డు యు హ్యావ్' అనండి.

అర్థం చేసుకోవడం అనే అర్థం ఎలా వచ్చిందంటారా? ఉత్తర ఐరోపాలోని స్కాండినేవియా నుంచి ఇంగ్లండ్‌కు వచ్చి స్థిరపడిన వైకింగుల భాషలోని 'గేటా' నుంచి 'గెట్' ఇంగ్లిష్‌లోకి వచ్చింది. దాని మూలధాతువుకు అర్థం పట్టుకోవడం. లాటిన్‌లో అదే ధాతువు నుంచి వచ్చిన క్రియే ఇంగ్లిష్ 'కాంప్రిహెండ్'లో ఉంది. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న 'గ్రహించు' కూడా పట్టుకోవడం నుంచి తెలుసుకోవడానికి వచ్చిన మాటే కాబట్టి 'ఐ గెట్ ఇట్' మనకు వింతగా తోచాల్సిన పని లేదు. 'ఫర్గెట్' కూడా 'గెట్'కు చుట్టమే.

ఈ అర్థంలో కాలాన్ని బట్టి తేడాలొస్తాయి. 'ఐ గెట్ ఇట్' అంటే నాకు అర్థమైంది, కొన్నిసార్లు నీ బాధ నాకు తెలుసు అని కూడా. 'గాట్ ఇట్' అంటే సరే, చెప్పింది విన్నాను, చేస్తాను. గుమ్మం దగ్గర బెల్ మోగినప్పుడు 'ఐ విల్ గెట్ ఇట్' అంటే నేను వెళ్లి తీస్తా. హోటల్లో బిల్లు వచ్చినప్పుడు 'ఐ విల్ గెట్ దిస్' అంటే నేను కడతా. మనవాళ్లు మాటిమాటికీ అడిగే 'డిడ్ యు గెట్ మై పాయింట్?' తప్పు కాదు గానీ, పెద్దవాళ్లతో అంటే చెప్పింది బుర్రకెక్కిందా అన్నట్టుంటుంది. 'డజ్ దట్ మేక్ సెన్స్?' అంటే భారం మన వివరణ మీద ఉంటుంది, వినేవాళ్ల తెలివి మీద కాదు.

చివరిగా చిన్న మాటలతో కలిసే 'గెట్'లు. వీటిలో చాలావాటికి తెలుగులో అచ్చంగా సరిపోయే నుడికారం ఉంది, దాన్ని పక్కన రాసుకుంటే మరిచిపోరు. 'గెట్ బై' నెట్టుకురావడం: చాలీచాలని జీతంతో నెట్టుకొస్తున్నారు, 'దే గెట్ బై ఆన్ ఎ స్మాల్ శాలరీ'. 'గెట్ త్రూ' గట్టెక్కడం. 'గెట్ ఓవర్' తేరుకోవడం. 'గెట్ అలాంగ్' పొసగడం. 'గెట్ రిడ్ ఆఫ్' వదిలించుకోవడం. 'గెట్ అవే విత్' అంటే తప్పు చేసి కూడా శిక్ష పడకుండా బయటపడటం. 'గెట్ అప్'నూ 'వేక్ అప్'నూ ఒకటిగా చూస్తాం గానీ 'వేక్ అప్' మెలకువ రావడం, 'గెట్ అప్' పక్క మీంచి లేవడం. ఆరింటికి 'వేక్ అప్' అయి ఏడింటికి 'గెట్ అప్' అయ్యేవాళ్లు బోలెడుమంది.

ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఒకటి మాత్రం తప్పకుండా సరిచూసుకోవాలి. 'ఐ విల్ గెట్ బ్యాక్ టు యు' అంటే కనుక్కుని మళ్లీ చెబుతాను. 'ఐ విల్ గెట్ బ్యాక్ ఎట్ యు' అంటే నీ మీద కక్ష తీర్చుకుంటాను. మెయిల్ పంపే ముందు ఆ 'టు'ను ఒక్కసారి చూసుకోండి.

రాతలో ఎంతవరకు వాడొచ్చు? విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష వ్యాసంలో, దరఖాస్తులో, నివేదికలో 'గెట్' తగ్గించి 'రిసీవ్', 'అబ్టెయిన్', 'బికమ్', 'అరైవ్' వాడటం మంచిది. మాటల్లో మాత్రం వాటిని బలవంతంగా దూర్చకండి. స్నేహితుడితో 'ఐ రిసీవ్డ్ ఎ కోల్డ్' అంటే నవ్వుతాడు. అదే ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ భాగంలో 'గెట్'ను ధారాళంగా వాడటం సహజత్వానికి గుర్తు.

సాధన ఇలా చేయండి. ఇంగ్లిష్ వాక్యాలు చూసి అర్థాలు రాసుకోవడం కాదు, రోజూ మీ నోట వచ్చే తెలుగు వాక్యాలు ఆరు తీసుకుని 'గెట్'లోకి మార్చండి. వాటిలో ఒకటి రెండు 'గెట్' పట్టనివి ఉండేలా చూసుకోండి, హద్దు అక్కడే తెలుస్తుంది. మొదటి ఆరూ ఇవి. వానలో తడిసిపోయాను: 'ఐ గాట్ డ్రెంచ్డ్ ఇన్ ద రైన్'. పాస్‌పోర్ట్ రెన్యూవల్ చేయించుకోవాలి: 'ఐ హ్యావ్ టు గెట్ మై పాస్‌పోర్ట్ రిన్యూడ్'. నాన్న చేత సంతకం పెట్టించాను: 'ఐ గాట్ మై ఫాదర్ టు సైన్ ఇట్'. ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం: 'వి గాట్ స్టక్ ఇన్ ట్రాఫిక్'. ఆయన ప్రిన్సిపాల్ అయ్యారు: 'హి బికేమ్ ద ప్రిన్సిపాల్', ఇక్కడ 'గాట్' పట్టదు. ఇంటికి చేరేసరికి పది అయింది: 'ఇట్ వాజ్ టెన్ బై ద టైమ్ వి గాట్ హోమ్'. ఈ చివరిదాన్ని కాస్త ఆగి చూడండి. 'చేరేసరికి'లో 'గాట్' ఉంది, 'అయింది'లో లేదు, ఎందుకంటే గడియారం చూపే సమయానికి 'అయింది' అని మనమన్నా ఇంగ్లిష్‌లో 'వాజ్' మాత్రమే వస్తుంది.